తల పైలం

లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టి సదయ్య ఆగిపోయాడు. రెండో కాలు ఎత్తడానికి ఊపిరి చాలలేదు.

కింద నుంచి కొడుకు సంపత్ నడుం పట్టి లేపాడు. పైనుంచి డ్రైవర్ చంకల కింద చేతులేసి లాగాడు. ఇద్దరూ కలిసి ముసలాయన్ను ఎలాగో సీట్లో కూర్చోబెట్టారు. సంపత్ కూడా ఎక్కి వెనక నిలబడ్డాడు.

సకల జనుల సమ్మె రోజులవి. గనులు బంద్. బస్సులు డిపో దాటడం లేదు. కార్మికులంతా గేటు ముందు రోడ్డు మీదే వంటావార్పు పెట్టి వండుకు తింటున్నారు. ఏళ్ల తరబడి బొగ్గుపొడి మింగిన సదయ్య ఛాతీకి మాత్రం సమ్మె సంగతి తెలియదు. పొద్దున్నుంచి ఆయాసం తగ్గలేదు. ఆలస్యం చేయకుండా కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. గోదావరిఖని చౌరస్తాలో సంపత్ చెయ్యెత్తిన బండ్లన్నీ పక్కనుంచి పోయాయి, ఈ లారీ ఒక్కటే ఆగింది.

"పేరేంది తమ్మీ?" అడిగాడు డ్రైవర్.

"సంపత్. బొగ్గుబాయిల పని."

తాళం తిప్పబోయిన డ్రైవర్ ఆగాడు. వెనక్కి తిరిగి సంపత్ మొహంలోకి ఒకసారి చూశాడు. కనుబొమ్మల దాకా చుట్టుకున్న రుమాలు సర్దుకుని, బండి స్టార్ట్ చేశాడు.

రాత్రంతా తండ్రి వీపు నిమురుతూ కూర్చున్న సంపత్ నిలబడే తూలుతున్నాడు.

"పైకెక్కి పండు. కాకను నేన్ చూస్త," అన్నాడు డ్రైవర్.

క్యాబిన్ కప్పు కింద, సీటుకు పైన, ఒక మనిషి పట్టేంత చెక్కబల్ల ఉంది. దాని మీద గోనెగుడ్డలో చుట్టి ఉన్నదేదో డ్రైవర్ తీసి తన సీటు వెనక దోపుకున్నాడు.

సంపత్ సీటు మీద కాలేసి లేచాడు. ఠంగుమని నెత్తి కప్పుకు కొట్టుకుంది.

"తల పైలం. ముందుగాల నడుం ఎక్కియ్యి. తల ఆఖరుకు గుంజుకో," అన్నాడు డ్రైవర్.

సదయ్య అంత ఆయాసంలోనూ నవ్వాడు. "బాయిల అలవాటు బిడ్డా. నెత్తికి బాయి టోపీ, గట్టి హెల్మెట్టు, ఉన్నదనుకుంటడు." ఊపిరి తీసుకున్నాడు. "టోపీ ఏడ పారేసినవ్‌రా? ఇంట్ల కనవడ్తలేదు."

సంపత్ విననట్టు మొహం తిప్పుకున్నాడు. పాక్కుంటూ బల్ల మీదికి చేరాడు. ముక్కుకు జానెడు దూరంలో కప్పు. గనిలో ఇంతకంటే ఇరుకు చోట్ల పనిచేశాడు గానీ, అక్కడెవరూ పడుకొమ్మనలేదు. కళ్లు మూతలు పడ్డాయి.

బసంతనగర్ దాటాక కేకలకు మెలకువ వచ్చింది. రోడ్డుకు అడ్డంగా మొద్దులు, జెండాలు, జనం.

"సమ్మెల లారీ ఎట్ల తోలుతున్నవ్‌రా? ఎనుకకు మలుపు."

"ఖాళీ బండన్నా. పాణం బాగలేని మనిషున్నడు," అంటున్నాడు డ్రైవర్.

"రోజుకొకడు గిట్లనే చెప్తడు. మలుపు."

సదయ్య పెదాలు నీలిబడ్డాయి. సంపత్ గాభరాగా తల ముందు పెట్టే దిగాడు. ఇనుప కడ్డీకి తగలాల్సిన నెత్తి మెత్తగా తగిలింది. అది డ్రైవర్ అరచెయ్యి. అటు జనంతో మాట్లాడుతూనే ఇటు అడ్డం పెట్టాడు.

సంపత్ కిటికీలోంచి సగం బయటికి వంగాడు. "అన్నా, నేను బాయి కార్మికున్ని. మా నాయనకు ఊపిరాడ్తలేదు, తొవ్వ ఇయ్యుండ్రి."

"సమ్మెల ఉన్నోనివైతే బొగ్గు లారీ ఎందుకెక్కినవ్?"

ఆ మాటతో సంపత్‌కు రోషం పొడుచుకొచ్చింది. "మొన్న మాపటీలి చీకట్ల టార్పాలిన్ కప్పుకొని మా గేటు కాడికొచ్చిన బొగ్గు లారీని ఉరికిచ్చింది ఎవరనుకున్నరు? రాయి దొరక్కపోతె నా టోపీ తీసి డ్రైవర్ మొఖం మీద కొట్టిన. నెత్తురు కారుకుంట బండి తోలుకొని పోయిండు."

గుంపు నవ్వింది. ఎవరో శెభాష్ అన్నారు. మొద్దులు పక్కకు జరిగాయి.

డ్రైవర్ రుమాలు సర్దుకుని గేరేశాడు. సదయ్య వాలిపోయినప్పుడల్లా ఎడమచేత్తో నిలబెడుతూ, దవాఖాన దాకా హారన్ కొడుతూనే తోలాడు.

సదయ్య మొహానికి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి పెదాలకు రంగు వచ్చింది. సంపత్ అప్పుడు గోడకు చేరబడి ఏడ్చేశాడు. ఆ వెంటనే డ్రైవర్ గుర్తొచ్చాడు. పేరైనా అడగలేదు.

బయటికి పరుగెత్తాడు. లారీ మళ్లుతోంది. డ్రైవర్ రుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు. కనుబొమ్మ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

సంపత్ కిటికీ దగ్గరికొచ్చి ఆగాడు.

డ్రైవర్ కిటికీలోంచి గోనెగుడ్డ మూట అందించాడు. "పైలంగ పెట్టుకో తమ్మీ. బాయిల దిగేటోనికి తల ముఖ్యం."

విప్పి చూస్తే టోపీ. తెల్ల రంగుతో తను రాసుకున్న తన పేరు.

"అన్నా..."

"మీ వంటావార్పుకు మా ఊరోళ్లు బియ్యం పంపిండ్రు. మొన్న టార్పాలిన్ కింద ఉన్నయవే. గేటు కాడ దింపనియ్యకపోతిరి. యూనియన్ ఆఫీసుల దించిపోయిన. అందరికి సరిపోయినయా?"

బదులు కోసం ఆగకుండా లారీ వెళ్లిపోయింది.

బొగ్గు లారీని తరిమినవాడని మెచ్చుకుంటూ, నిన్న గేటు ముందు రోడ్డు మీద అందరికంటే ముందు విస్తరి వేసి, ఆ బియ్యంతో వండిన అన్నం మొదట వడ్డించింది సంపత్‌కే.