వరండాలో దగ్గు

పిల్బరా కొండల్లోని ఆస్బెస్టాస్ గనిలో మెర్విన్‌కు పని. నీలిరంగు ఆస్బెస్టాస్ ధూళి పట్టిన అతని బట్టలు దులిపి ఉతికేది భార్య డోరీన్. ఏళ్ల తరబడి పీల్చిన ఆ నీలిధూళి ఆమె ఊపిరితిత్తుల్లో గుచ్చుకుపోయింది. రాత్రంతా దగ్గేది.

“పొద్దున్నే షిఫ్టుంది నాకు. వరండాలో పడి దగ్గుకో, పో!” అనేవాడు మెర్విన్.

ఆమె దుప్పటి తీసుకుని వెళ్లేది. ఆ చలికాలంలో అక్కడే చనిపోయింది.

పాతిపెట్టి వచ్చిన రాత్రి మెర్విన్ బీరు తాగి హాయిగా పడుకున్నాడు. కాసేపటికి ఆమె దగ్గు వినిపించింది. పొడిగా మొదలై, చివర్లో ఈల వేసినట్టు సాగే దగ్గు. ఈసారి బాగా దగ్గరగా ఉంది.

“బయటికి పొమ్మన్నానా!” అంటూ నిద్రమత్తులో అరిచాడు.

తలుపు అవతలి నుంచి డోరీన్ మెల్లగా అంది.

“నేను బయటే ఉన్నా, మెర్వ్. ఆ దగ్గేది నువ్వే.”