సూదే కావాలి

“ఆ మిషన్‌ల నా వేలు పెట్టనే పెట్ట. సూదితోనే చెయ్యమను మీ నాయినను!” చంద్రమ్మ రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది.

కూతురు సుజనకు ఒళ్లు మండింది. వేలు పెడితే చాలు, వెలుతురు చర్మంలోంచి పోయి, నెత్తురు చుక్క కారకుండానే షుగర్ ఎంతుందో చెప్పే మిషన్ అది. ఎల్బీనగర్‌లో ఆమె పనిచేసే కంపెనీ తయారుచేసింది. రోజూ సూదిపోట్లు తినే అమ్మ వేళ్లను తలచుకునే సుజన దాని కోసం రాత్రనక పగలనక కష్టపడింది. మొదటి మిషన్లలో ఒకటి పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోని పుట్టింటికి పరుగెత్తుకొచ్చింది. వస్తే ఇదీ మర్యాద!

“నెక్స్ట్!” హాల్లోంచి కేక వినిపించింది.

కేక వేసింది తండ్రి బిక్షమయ్య. దవాఖానలో నెత్తురు పరీక్షలు చేసి రిటైరైన మనిషి. రిటైరైన కొత్తలో మంచం దిగక, పలకరిస్తే పలకక ఇంటిల్లిపాదినీ హడలగొట్టాడు. ఆ దిగులు చాలదన్నట్టు అప్పుడే చంద్రమ్మ తనకు షుగర్ వచ్చిందని చల్లగా చెప్పింది. దవాఖానకు పోదామంటే, ఇంట్లోనే పరీక్షలు చేసే మనిషుండగా ఎందుకంది. అప్పటినుంచి ఆయన పొద్దున్నే స్నానం చేసి, గడ్డం గీసుకుని, తెల్లకోటు తొడుక్కుని కూర్చుంటాడు. పేషెంటు ఒక్కతే అయినా ఆ కేక మాత్రం మానడు.

“ఒస్తున్న సార్!” చంద్రమ్మ బుద్ధిగా వెళ్లి వేలు చాపింది.

“నొప్పయితుందా?”

“దోమ కుట్టినట్టు గూడ లేదు.”

“తొంభై ఆరు! తిండి మంచిగ కట్టడి చేస్తున్నవ్,” అన్నాడాయన గర్వంగా.

సుజన ఊరుకోలేదు. తల్లి రెండో చెయ్యి లాగి మిషన్‌లో పెట్టింది. తొంభై నాలుగు. “చూసినవా నాయినా? ఇంచుమించు ఒక్కటే!”

బిక్షమయ్య మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. “శభాష్ బిడ్డా. ఇగ నాతోని ఏం పని?” అని కోటు విప్పి కుర్చీకి తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చంద్రమ్మ మిషన్ లాక్కుని కూతురి బ్యాగులో కుక్కింది. “తీస్కపో దీన్ని! గీ ఇంట్ల సూదే ఉంటది.”

“నీకోసమే గదనే చేసింది!” సుజనకు ఏడుపొచ్చింది. “వేళ్లన్ని తూట్లు చేసుకుంటవా?”

“చేసుకుంట. నా వేళ్లు, నా ఇష్టం.” చంద్రమ్మ మంచం వైపు గొంతు పెంచింది. “ఏమయ్యా, గా మిషన్ మీద నాకు నమ్మకం లేదు. పొద్దుమూకి మళ్ల సూదితోని చూడాలె!”

బిక్షమయ్య లేచి కూర్చున్నాడు. “తినకముందా, తిన్నంకనా?”

“నువ్వే చెప్పాలె, నాకేం ఎరుక?”

ఆయన కోటు అందుకున్నాడు. సుజన తల్లిని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు మూసింది.

“మిషన్ మంచిగనే ఉందమ్మా. నువ్వు మొండికేస్తే నేనూ నీ బిడ్డనే. రేపొచ్చి నాయినకే నేర్పిచ్చి పోత, సూదులన్ని పారేస్త!”

చంద్రమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని గొంతు తగ్గించింది.

“నాకు షుగరే లేదు బిడ్డా.”