మాజీ మంత్రిగారి ఓదార్పు

లేఆఫ్‌ల రోజు పొద్దున్నే చేతిలో కవరుతో గదిలోకి వచ్చిన చంద్రికను చూసి దివాకర్‌గారికి జాలేసింది.

బ్రిటన్‌లో ఫ్రోజెన్ సమోసాల వ్యాపారంలో కోట్లు గడించి, ఆ ఊపులోనే ఎంపీ అయి, మంత్రి అయి, కిందటి ఎన్నికల్లో డిపాజిట్ కూడా దక్కించుకోలేకపోయిన మహానుభావుడాయన. ఇంత అనుభవం వృథా పోకూడదని అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్ళోని ఒక డేటా సెంటర్ కంపెనీ ఆయన్ని సలహాదారుగా పిలిపించుకుంది. మూడు నెలలు ఆలోచించి, జీతం ఎక్కువై పని తక్కువైన వాళ్ళను వెంటనే తీసేయమని ఆయన రిపోర్ట్ ఇచ్చారు.

"కూర్చో అమ్మా. లెటర్ వచ్చిందా? బాధపడకు. నన్ను మొత్తం నియోజకవర్గమే లేఆఫ్ చేసింది. ఏడ్చానా?"

"లేదండీ."

"వ్యాపారమైనా ప్రభుత్వమైనా ఒకటే. మంత్రిగా ఉన్నప్పుడు మూడు ఆఫీసులు మూయించాను. ఒక్క రోజు కూడా నిద్ర చెడలేదు."

"అంకుల్, నేను హెచ్ఆర్ అండీ," అంటూ చంద్రిక కవరు ఆయన ముందు పెట్టింది. "ఇది మీ లెటర్. మీ రిపోర్ట్ బోర్డుకి చాలా నచ్చింది. మీతోనే స్టార్ట్ చేయమన్నారు."

ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి నా వీసా?"

"కొత్త జాబ్ వెతుక్కోడానికి సిక్స్టీ డేస్ ఇస్తారండీ. ఆ తర్వాత వెళ్ళిపోవాలి."

ఆ సంగతి ఆమె ఏ కాగితమూ చూడకుండానే చెప్పింది. ఆమె తమ్ముడికి ఆ అరవైలో ఇంకా తొమ్మిది రోజులే మిగిలాయి.