దఖీల్ సమాధి

"కాఫీ చల్లారిపోతోంది, తాగండి," అంది సిరీన్.

ముత్లక్ తాగలేదు. కప్పు తన ముందు చాపమీద పెట్టి, చేతులు మోకాళ్లమీద వేసుకుని కూర్చున్నాడు. ఈ ఎడారిలో అతిథి అలా కప్పు కింద పెట్టాడంటే ఏదో కోరిక ఉందని. సరే అనేదాకా గుక్క దిగదు. సిరీన్ అమ్మాన్ నగరంలో పెరిగిన పురావస్తు అధికారి. అయినా ఆ సంగతి తెలియని మనిషేం కాదు.

"ఆ ఒక్కటీ అడక్కండి, అబూ దఖీల్."

అబూ దఖీల్ అంటే దఖీల్ వాళ్ల నాన్న. అక్కడ మగవాణ్ణి పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. కొడుకు పోయినా ఆ పిలుపు పోదు.

"ఇంకేం అడగను తల్లీ? నాకున్నది అదొక్కటే."

సిరీన్ గుడారం ఎదురుగా పాతకాలపు ఒంటెల సత్రం మొండిగోడలు. వాకిట్లో, సరిగ్గా గుమ్మం ఉండాల్సిన చోట, రాళ్లు పేర్చిన ఒక సమాధి. సత్రం ఎప్పటిదో తేల్చడానికి సిరీన్‌కు కావలసిన గుమ్మపురాయి దాని కిందే ఉంది.

"పోనీ, తవ్వంలెండి. ఈ యంత్రాన్ని పక్కనుంచి లాగితే చాలు, కింద ఏముందో బొమ్మ వస్తుంది."

"మట్టిలో ఉన్నవాడికి బొమ్మ తీస్తావా?"

సిరీన్ తల దించుకుంది. ఈ కొండలను అడవిమేకల కోసం అభయారణ్యం చేసినప్పుడు గుడారాలవాళ్లంతా రోడ్డు పక్క సిమెంటు ఇళ్లకు వెళ్లిపోయారు. కొడుకును వదిలి రానని ముత్లక్ ఒక్కడే శిథిలాల కాపలాదారుగా ఉండిపోయాడు. కొన్నిసార్లు వారం గడిచినా అతనితో మాట్లాడే మనిషి ఉండడు. గోడలెక్కే అడవిమేకలను తిడుతూ గొంతు ఆడుతోందో లేదో చూసుకుంటాడు. అదంతా ఆమెకూ తెలుసు.

"ముందు ఇది నోట్లో వేసుకో," అంటూ అతను ఒక డబ్బా ముందుకు జరిపాడు. "చేతులూపుకుంటూ రాలేదు నేను."

అంతలో తెగపెద్ద ఫర్హాన్ లోపలికి వచ్చాడు. బయట తవ్వుతున్నవాళ్లంతా అతని తెగ కుర్రాళ్లే. వస్తూనే డబ్బాలో వేలు పెట్టి ఒక ముద్ద తీసుకున్నాడు.

"మస్కట్ హల్వా. నీకెక్కడిదోయ్?"

"పొద్దున దారినపోయే లారీవాడు ఇచ్చిపోయాడు."

"నాకు ఏ లారీవాడూ గుక్కెడు నీళ్లిచ్చిన పాపాన పోలేదే."

"నీ మొహం చూసి బ్రేకు ఎవడేస్తాడు?"

ఫర్హాన్ నవ్వి ఇంకో ముద్ద తీసుకున్నాడు. ఆనక చాపమీది కప్పు చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"అమ్మాయ్, నీకెవరూ చెప్పలేదేమో. వీడి కొడుకు నా కొడుకును చంపాడు."

సిరీన్ కాఫీకూజా కింద పెట్టి అతనివైపు తిరిగింది.

"బావి దగ్గర నీళ్ల వంతు గొడవ. దఖీల్ కర్ర విసిరాడు, నా సబ్బాహ్ మళ్లీ లేవలేదు. తుపాకులు పట్టుకుని వాడికోసం ఈ కొండలన్నీ గాలించాం. చలికాలంలో వాగు పొంగి వాణ్ణి తీసుకుపోయింది. వీడొక్కడే వెతికి, వీడొక్కడే మోసుకొచ్చి పూడ్చాడు. చూడదగ్గట్టు లేడన్నాడు. ఆ రాళ్ల ముందు నిలబడి నా వాళ్లచేత తుపాకులు దింపించాను. మా పగ కూడా అక్కడే పూడ్చుకున్నాం."

"మరి మీరెందుకు..."

"దఖీల్ మీద నాకేం ప్రేమ లేదమ్మా. ఈ ముసలాడి మీద జాలి. కొడుకు లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏదీ, నాకూ కాఫీ పొయ్యి."

ఆమె పోసింది. అతను కప్పు అందుకుని, తాగకుండా ముత్లక్ కప్పు పక్కనే పెట్టాడు. అది చూసి బయట కాఫీ తాగుతున్న కుర్రాళ్లు కూడా తమ కప్పులు ఇసుకలో పెట్టేశారు. మిగతావాళ్ల గడ్డపారల చప్పుడూ ఆగిపోయింది.

సిరీన్ ఆ కప్పులవంక చూసింది.

"తాగండి. సమాధి జోలికి రాం."

"యంత్రం?" అన్నాడు ముత్లక్.

"అదీ రాదు."

చల్లారిన కాఫీని ఇద్దరు ముసలివాళ్లూ ఒక్క గుక్కలో తాగేశారు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ సమాధి దగ్గరికి నడిచారు. ఫర్హాన్ అరచేతులు తెరిచి, చనిపోయినవాళ్ల కోసం చదివే ప్రార్థన చదివాడు. ఎప్పటిలాగే ముత్లక్ పెదవులు కదలలేదు.

"నీకింకా దేవుడిమీద కోపం తగ్గలేదు," అన్నాడు ఫర్హాన్. "ఇన్నేళ్లలో నీ కంట చుక్క నీరు చూడలేదు. ఇవాళైనా ఏడవరా."

ముత్లక్ నిజంగానే ఏడ్చాడు. ఫర్హాన్ అతని భుజంమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఊరుకో. మనిద్దరిదీ ఒకటే పుండు."

ముత్లక్ ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచి, అతని మొహంలోకి చూసి, మళ్లీ మూసుకున్నాడు.

"శుక్రవారం వస్తావుగా?" అన్నాడు చివరికి.

"రాక చస్తానా? నీకు మాత్రం ఎవరున్నారు, నాకు మాత్రం ఎవరున్నారు?"

ఫర్హాన్ జీపు వెళ్లిపోయింది. దుమ్ము అణిగేదాకా ముత్లక్ అటే చూశాడు. ఆ తర్వాత రాళ్లకు వీపు ఆనించి కూర్చుని డబ్బా మూత తీశాడు. అడుగున ఒక్క ముద్ద మిగిలింది. అది నోట్లో వేసుకుని, వేళ్లు కూడా నాకాడు.

అది కూతురు పుట్టిందని దఖీల్ పంపిన హల్వా.