అత్తగారు వంక పెట్టని వస్తువు

"కత్తి వద్దు," అంది దమయంతి. "కత్తి కానుకిస్తే చుట్టరికం తెగుతుందంటారు. మాకున్నదే అంతంతమాత్రం."

కిరీటి కత్తిని మళ్ళీ అరలో పెట్టాడు.

కెనడాలోని థండర్ బేలో ఫిన్లాండ్ వాళ్ళ షాపు అది. ఎప్పుడో వందేళ్ళ కిందట ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో చాలామందే ఉన్నారు. మొగుడూ పెళ్ళాం బ్రాంప్టన్ నుంచి లాంగ్ వీకెండ్‌కి ఇంకో రెండ్రోజులు సెలవు కలిపి, కారేసుకుని వచ్చారు. సరస్సు చూశారు. జలపాతం చూశారు. వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్నేహ ఇంతకుముందు ఇక్కడే చదివింది. ఆ పిల్ల చెప్పినట్టే దోసెల్లాంటి పాన్‌కేకులు కూడా తిన్నారు. ఇక మిగిలింది ఒక్కటే. ఇంట్లో ఉన్న అత్తగారికి ఏదైనా కొనుక్కెళ్ళడం.

అదే అసలు పని.

అత్తగారి పేరు శాంతమ్మ. పదకొండేళ్ళుగా దమయంతి ఏది తెచ్చినా ఆవిడది ఒకటే మాట. "ఇదేం గొప్ప? నేను చెయ్యనూ?" క్యూబెక్ నుంచి దుప్పటి తెస్తే ఆ మాటే. నయాగరా నుంచి గాజు హంస తెచ్చినా ఆ మాటే. "పిచ్చుకలకి వరికంకుల కుచ్చులు కట్టిన చెయ్యమ్మా ఇది," అని అరచెయ్యి చాపి చూపించేది.

ఈసారి బయల్దేరుతుంటే ముందే చెప్పేసింది.

"అక్కణ్నుంచి గడ్డీ గాదం మోసుకురాకండి."

దమయంతికి ఒళ్ళు మండింది. "కిందటి ఆగస్టులో దారిలో కారాపించి మోపెడు గడ్డి ఎక్కించిందెవరట?" అంది కారెక్కాక. "వంకాయ మొక్కలకి చలేస్తుందట!"

ఆ కోపంలోనే పందెం వేసింది. అత్తగారు వంక పెట్టకపోతే ఏడాది పాటు గిన్నెలు కిరీటి తోమాలి. పెట్టిందా, దమయంతి ఇక జన్మలో 'మీ అమ్మ' అని మాట మొదలుపెట్టకూడదు.

"ఈ చెక్క కప్పు?" అడిగాడు కిరీటి.

"ఉప్పు డొప్ప అంటుంది."

"ఉన్ని సాక్సు?"

"నాకు అల్లడం రాదనుకున్నావా అంటుంది."

కిరీటి ఒక ఎండుటాకుల కట్ట పైకెత్తాడు. ఫిన్లాండ్ వాళ్ళు ఆవిరి గదిలో కూర్చుని దాంతో ఒళ్ళంతా కొట్టుకుంటారట.

"బాబూ, అది ఇస్తే ఆవిడకి దయ్యం పట్టిందని నేనన్నట్టుంటుంది."

"అనలేదా మరి?"

"ఆవిడ ముందు అన్లేదు."

అప్పుడు దమయంతి తలెత్తింది. ఎత్తిన తల దించలేదు.

పైకప్పు నుంచి ఏదో వేలాడుతోంది. బంగారం రంగు గడ్డి పుల్లలు. వాటిలోంచి సన్నటి దారం. ముక్కోణాలు, వాటి కింద చిన్న ముక్కోణాలు, వాటి కింద ఇంకా చిన్నవి. ఎవరైనా తలుపు తీస్తే చాలు, మెల్లగా తిరుగుతోంది.

"హిమ్మెలి," అంది షాపు పెద్దావిడ. "మా తాతల నాటి పని. క్రిస్మస్‌కి భోజనాల బల్ల మీద వేలాడదీస్తాం. పంట బాగా పండాలని."

"ఎవరు చేస్తారు?"

"ఒక ముసలమ్మ. నేను చూడలేదు, పోస్టులో పంపిస్తుంది. మా అమ్మమ్మ పోయాక అలాంటి చెయ్యి మళ్ళీ ఇదే."

దమయంతికి ఆ ముసలమ్మ కళ్ళకు కట్టింది. మంచులో చెక్క ఇల్లు. తెల్లటి జడ. నీలి కళ్ళు.

"ఇది మాత్రం మీ అమ్మ కాదు, ఆవిడ జేజమ్మ దిగొచ్చినా చెయ్యలేదు," అంది.

"అయినా అమ్మ ఇప్పుడేం చేస్తుందిలే. ఏప్రిల్‌లో కళ్ళజోడు మార్చినప్పుడే సూదీ దారం ముట్టుకోవద్దన్నాడుగా డాక్టరు."

"ఆవిడకేం, కాలక్షేపానికి స్నేహ ఉందిగా."

అదీ నిజమే. ఆ ఏడాది బ్రాంప్టన్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా చదువుకొచ్చిన మన పిల్లలే. మధ్యాహ్నం అయితే చాలు, శాంతమ్మ మెట్లు దిగిపోయేది. స్నేహకి వంట నేర్పుతున్నానని చెప్పేది. ఏడాది కావస్తోంది. ఆ పిల్లకి ఇంకా పప్పుచారు రాలేదు.

తిరుగు ప్రయాణంలో దమయంతి పెట్టెని ఒళ్ళోంచి దించలేదు. గతుకు వచ్చినప్పుడల్లా మొగుణ్ణి తిట్టింది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా పెట్టె విప్పింది. దారం పట్టుకుని పైకెత్తింది.

"ఫిన్లాండ్ వాళ్ళ సంప్రదాయం అత్తయ్యా. అసలు సిసలుది."

శాంతమ్మ సోఫాలోంచి లేచింది. కళ్ళజోడు సర్దుకుంది. దగ్గరికొచ్చింది. చుట్టూ తిరిగింది. కింది అంచున ఒకచోట వేలితో తడిమింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

మళ్ళీ ఆ అంచునే తడిమింది. 'నేను చెయ్యనూ?' అని మాత్రం అనలేదు.

కిరీటి సింకు వైపు చూశాడు. నిండా ఉంది. దమయంతి వెళ్ళి గిన్నెలు తోమే పీచు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఎంతకిచ్చారమ్మా ఇది?" అంది శాంతమ్మ చివరికి.

"ఎనభై డాలర్లు అత్తయ్యా."

"ఎనభయ్యే!" ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఇదిగో, వంక పెట్టింది!" అన్నాడు కిరీటి ఆశగా.

"ధర అడగడం వంక కాదు. తోము."

శాంతమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. గబగబా బేస్‌మెంట్ మెట్ల దగ్గరికి నడిచి, తలుపు తీసి, కిందికి వంగి కేకేసింది.

"స్నేహా, ఒక్కసారి పైకి రావే, మార్చిలో నా కళ్ళజోడు మారకముందు కట్టి పంపామే, కింద ముడి వంకరపోయిందీ, అది తిరిగి తిరిగి మళ్ళీ మనింటికే వచ్చింది!"