మూడో సంతకం

మెకాంగ్ నది ఒడ్డున మా చేతిపంపు నీళ్ళను మూడు సంస్థలు పరీక్షించాయి. లెక్కలన్నీ కలిపి చూసుకున్నాయి. మూడూ సంతకం పెట్టేదాకా ఫలితం ఎవరూ బయటపెట్టకూడదని ఒప్పందం. మూడో సంతకం ఇంకా పడలేదు.

వాటిలో ఒక సంస్థలో పనిచేసే చాంతూ ఇవాళ ఇటు వచ్చింది.

"నీళ్ళలో ఆర్సెనిక్ పాషాణం ఉందా, లేదా? మనవరాలికి ఇవే తాగిస్తున్నాం," అని అడిగాను.

"నేను చెప్పకూడదు తాతా."

"సంతకం పడేదాకా దాహాన్ని ఆగమంటావా? మూడు ఆఫీసులుండీ ఒక్క నోరు లేదే!"

చాంతూ మెడలోని గళ్ళ కండువా తీసి, పంపు పిడిని కదలకుండా బిగించి కట్టి, బండెక్కింది.

"అమ్మాయ్, నీ కండువా!"

"ఉండనీ తాతా. సంతకం పడ్డాక నేనే వచ్చి విప్పుతా."

మనవరాలి గ్లాసులో నీళ్ళు పారబోసి, వాననీళ్ళ కాగు మూత తీశాను.