శనివారం వచ్చిన చెక్కు

"బాబూ, చెక్కు తీసుకుంటారు కదా?"

గోపీకృష్ణ బిల్లింగ్ మిషను మీంచి తలెత్తాడు.

పరాయి దేశంలో, క్లెమెంటి పేటలో ఉన్న ఆ తెలుగు కొట్టుకి అతను మేనేజరు. కార్డులు గీకేవాళ్లని చూశాడు, ఫోన్లో పేనౌతో డబ్బు కొట్టేవాళ్లని చూశాడు, చిల్లర డబ్బా తెచ్చి బోర్లించినవాళ్లనీ చూశాడు. చెక్కు పుస్తకం తీసినవాణ్ణి చూడడం మాత్రం ఇదే మొదలు.

తెల్లచొక్కా పెద్దాయన కౌంటరు మీద పట్టుపంచెల చాపు, వెండి కుంకుమభరిణ, తమలపాకులు, అరటిపళ్లు పేర్చి, జేబులోంచి పెన్ను తీసి చెక్కు మీద సంతకం కూడా పెట్టేశాడు.

ఇంకో రోజైతే గోపీకృష్ణ మారు మాట్లాడకుండా తీసుకునేవాడే. కానీ పొద్దున్నే యూ టీ పేటలో ఉండే బాబాయి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, వర్షితవాళ్లు ఇవాళ మా ఫ్లాట్‌కొచ్చి సంబంధం గురించి ఏదో ఒక మాట చెప్పేస్తారట. అంతా నచ్చిందట. ఒక్కటే అనుమానమట. అబ్బాయి మరీ మెత్తనేమో, ఎవరేం చెప్పినా తలూపేస్తాడేమో అని."

అప్పట్నుంచీ గోపీకృష్ణ గుండె కుదురుగా లేదు. ముప్ఫై దాటి నాలుగేళ్లయింది. తప్పిపోయిన సంబంధాల సంగతి అడక్కపోవడమే మంచిది. వర్షితని చూసింది రెండుసార్లే, కానీ ఆ అమ్మాయి కాదంటే మాత్రం తట్టుకోలేడు.

ఇక మెత్తదనం బంద్ అనుకున్నాడు.

"తీసుకుంటాం అంకుల్. కాకపోతే రూల్స్ ఉన్నాయి."

"ఉండాలి కూడా," అన్నాడు పెద్దాయన సంతోషంగా.

ఓనరు తారాదేవి ఎప్పుడో రాసి లామినేషన్ చేయించిన చెక్కుల నియమాలు అగరొత్తుల పెట్టెల వెనకాల పడున్నాయి. గోపీకృష్ణ ఆ అట్ట లాగి దుమ్ము దులిపాడు.

"ఐసీ, అదే మీ గుర్తింపు కార్డు, ఇవ్వండి."

పెద్దాయన కార్డిచ్చాడు.

"ఫోటోలో మీసం ఉందే?"

"తీసేశాను. మా ఆవిడకి నచ్చలేదు."

"ఎప్పుడు నచ్చలేదు?"

"పెళ్లైన నలభై ఏళ్లకి."

గోపీకృష్ణ నవ్వబోయి ఆపుకున్నాడు. నవ్వితే మెత్తబడ్డట్టే.

"చెక్కు వెనకాల కూడా ఒక సంతకం పెట్టండి. కలుస్తుందో లేదో చూడాలి."

పెట్టాడు. కలవలేదు.

"తేడాగా ఉంది అంకుల్."

"మొదటిది ప్రశాంతంగా పెట్టాను. ఇది నీతో మాట్లాడాక పెట్టాను."

"ఇంటి నంబరు చెప్పండి. ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి."

చెప్పాడు. అటువైపు మోగి మోగి ఆగిపోయింది.

"ఎవరూ ఎత్తట్లేదు."

"ఎత్తాల్సినవాణ్ణి నీ ఎదురుగా ఉన్నాను కదయ్యా!"

వెనకాల క్యూలో బెండకాయల కవరు పట్టుకున్న అమ్మాయి నిట్టూర్చింది. "అంకుల్, పేనౌ చేసెయ్యండి! నాకు ట్రెయిన్ పోతుంది."

"ఫోన్లో డబ్బు కొట్టి ఒకసారి మోసపోయానమ్మా. ఇప్పుడు చేత్తో రాసిందే నా నమ్మకం."

ఆఖరి నియమం, బ్యాంకుకి ఫోన్ చెయ్యడం. బ్యాంకు సంగీతం వినిపించింది. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, మళ్లీ సంగీతం వినిపించి, సోమవారం చెయ్యమంది.

ఆ పాటికి క్యూ పప్పుల అలమర దాకా పాకింది.

"చెక్కు బ్యాంకులో వేస్తాం అంకుల్. మంగళవారానికి పాసవుతుంది. అప్పుడొచ్చి సరుకు తీసుకెళ్లండి."

పెద్దాయన మొహం చిన్నబోయింది.

"శుభకార్యం బాబూ. ఇవాళే కావాలి. మంచి గడియ దాటిపోతుంది."

గోపీకృష్ణ మనసు కరిగిపోయింది. 'తీసుకెళ్లండి' అన్నమాట నాలిక చివరిదాకా వచ్చేసింది. బాబాయి ఫోను గుర్తొచ్చి గుటుక్కున మింగాడు.

"ఎవరి శుభకార్యమైనా రూలు రూలే అంకుల్."

పెద్దాయన అతణ్ణి పైనుంచి కిందదాకా తీరిగ్గా చూశాడు. అది కోపమో, వింతగా ఉండి చూడడమో గోపీకృష్ణకి అంతుపట్టలేదు.

"సరే. నీ జాగ్రత్త బాగానే ఉంది. నా మోకాళ్లకే పడలేదు."

అరటిపళ్లకి మాత్రం నోటిచ్చి, ఆ చిన్న సంచీ చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు.

గోపీకృష్ణ మిగతా సరుకు కవర్లో కట్టి, పేరు రాసి కౌంటరు కింద పెట్టాడు. గట్టిగా నిలబడ్డానన్న గర్వం ఓ పక్క, పాపం పెద్దాయన అన్న దిగులు ఇంకో పక్క. కాసేపటిదాకా ఏ బిల్లూ సరిగ్గా కొట్టలేకపోయాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. బాబాయి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్ గోపీ, ఏం చేశావురా?"

"ఏమైంది బాబాయ్? కాదన్నారా?"

"కాదనడమేంటి? ఏకంగా తాంబూలాలే పుచ్చుకుందామని వచ్చారు! మీ పిన్ని సంబరపడి పాయసం కూడా దించింది."

"మరింకేం!"

"తాంబూలంలో పెట్టాల్సినవేవీ రాలేదు. అరటిపళ్లొక్కటే వచ్చాయి."

గోపీకృష్ణ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నువ్వు మెత్తనివాడివన్న అనుమానం మాత్రం పూర్తిగా తీరిపోయిందట. అబ్బాయి ఇనప గుగ్గిళ్లట!"

"ఎవరన్నారు బాబాయ్ ఆ మాట?" అన్నాడు గోపీకృష్ణ నీరసంగా.

"వర్షితని పెంచిన తాతగారురా, నువ్వింకా చూడలేదు. నీకు పెట్టే బట్టలు నీ చేతుల మీదుగానే కొనాలని ముచ్చటపడి బుకిట్ బటోక్ నుంచి పనిగట్టుకుని మీ కొట్టుకొచ్చారట. ఇప్పుడు మా సోఫాలో కూర్చుని, మీ అబ్బాయిని కూడా బ్యాంకులో వేశామనుకోండి, పాసయ్యాడో లేదో మంగళవారం కబురు చేస్తాం అంటున్నారు."